కుడి అంచున మరక

పాత ఫొటో తెచ్చి నా బల్ల మీద పెట్టే ప్రతివాళ్ళూ ముందు ఒకే మాట అంటారు: "నూట యాభై ఏళ్ళ నాటిదండీ." అద్దం తీయకముందే నాకు తెలిసిపోతుంది, అది అరవై ఏళ్ళ కిందట గవర్నరుపేటలో ఏదో స్టూడియోవాడు పాత బొమ్మను మళ్ళీ ఫొటో తీసి పెద్దది చేసిందని. ఆ సంగతి చెబితే మొహాలు మాడిపోతాయి. కాకి పిల్ల కాకికి ముద్దే. కానీ వాళ్ళు నా దగ్గరికి వచ్చేది ముద్దు చేయించుకోవడానికి కాదు, వెల కట్టించుకోవడానికి. అందుకని చెప్పేస్తాను.

నేను కాలేజీలో ముప్పై ఏళ్ళ పైచిలుకు కెమిస్ట్రీ చెప్పాను. పాత ఫొటోల పిచ్చి ఆ పాఠాల్లోంచే పుట్టింది. వెండి లవణం మీద వెలుగు పడితే ఏమవుతుందో పిల్లలకి చూపించడానికని ఒక పాత ప్రింటు కొన్నాను, ఆ తర్వాత కొనడం మానలేదు. రిటైరయ్యాక భవానీపురం ఫ్లాట్లో ఉత్తరం కిటికీ పక్కన బల్ల వేసుకున్నాను. ప్రింటు బయటికి తీశానంటే ఫ్యాను ఆపేస్తాను, ఎంత ఉక్కపోసినా సరే. ట్యూబ్‌లైటు కింద చూడను. పగటి వెలుగు, ఒక భూతద్దం, నా రెండు కళ్ళు, అంతే. ఈ ఊళ్ళో పాత ప్రింటు చూసి అసలో నకలో చెప్పగల మనిషి ఎవరని అడిగితే నా పేరే చెబుతారు. చెప్పకపోతే నేనే చెబుతాను.

పంతొమ్మిదో శతాబ్దపు ఫొటోల్లో చాలాభాగం కోడిగుడ్డు తెల్లసొన పూసిన కాగితం మీద దిగినవే. కాగితం ఉల్లిపొరలా పల్చగా ఉంటుంది, దాన్ని అట్టకి అంటించేవాళ్ళు. తెల్లగా ఉండాల్సిన చోట పేరిన నెయ్యి రంగు తేలుతుంది, నల్లగా ఉండాల్సిన చోట వంకాయ తొక్క రంగు మిగులుతుంది. ఏటవాలుగా పట్టి చూస్తే పైపొరలో వెంట్రుకవాసి పగుళ్ళు కనిపిస్తాయి. ఉల్లిపాయ కూడా ముట్టని వాళ్ళ పూజగదుల్లో ఇలాంటి ఫొటోలు చూశాను. ఆ దేవుడి గూట్లో తరతరాలుగా కోడిగుడ్డు ఉందని నేను మాత్రం నోరు విప్పి చెప్పలేదు. అన్ని నిజాలూ చెప్పే మనిషిని కాదు, అడిగినవే చెబుతాను.

మా ప్రాంతంలో ఫొటోలకి చెదపురుగు కంటే పెద్ద శత్రువు భక్తి. పోయినవాళ్ళ నుదుటి మీద గంధం, దాని మీద కుంకుమ, అదీ అద్దం మీద కాదు, ఒక్కోసారి అద్దం తీసి మరీ కాగితం మీదే. తద్దినం రోజున తడిగుడ్డతో ఒక తుడుపు. తడి తగిలితే తెల్లసొన పొర ఉబ్బుతుందని ఎన్ని ఇళ్ళల్లో మొత్తుకున్నానో. తర్వాతి శత్రువు ఫ్రేములు కట్టే షాపు. లోకంలో ఎక్కడైనా ఫొటోకి తగ్గ ఫ్రేము కడతారు. మావాళ్ళు ఉన్న ఫ్రేముకి తగ్గట్టు ఫొటోని కోస్తారు. కోసి, మైదా ఉడికించి మైలుతుత్తం కలిపిన జిగురుతో అట్టకి దిట్టంగా అంటించేస్తారు. అలా అంచులు పోయిన ప్రింటు ధర సగానికి పడిపోతుంది. నా దగ్గరికి వచ్చేవాటిలో కోయనిది కనిపిస్తే ఆ రోజు నాకు పండగే.

అలాంటి పండగ ఒకటి పదకొండేళ్ళ కిందట వచ్చింది. వన్ టౌన్లో పాత కాగితాల వ్యాపారి ఒకాయన దగ్గరికి విడిపోయిన ఆల్బం ఒకటి చేరింది. ఆనకట్టవీ కాలువలవీ ఫొటోలు. అందులో ఒకటి చూసి నా కాళ్ళు అక్కడే నిలబడిపోయాయి. బందరు కాలువ మీద పడవలు దాటించే లాకు. చెక్క తలుపులు, పక్కన కొత్తగా కట్టిన రాతి గోడ, ఆ గోడ ముందు ఒక ఆడమనిషి. ముక్కుకి అడ్డబాస, ముతక చీర, ఎదురుగా కెమెరాలోకి సూటిగా చూపు. కింద అట్ట మీద ఇంగ్లీషులో లాకు పొడవు, వెడల్పు, లోతు రాసి ఉన్నాయి. ఆమె గురించి ఒక్క మాట లేదు. నాలుగు అంచులూ చెక్కు చెదరలేదు. ఒక్కటే లోపం, కుడి అంచున రెండు వేళ్ళ వెడల్పున బూడిదరంగు మరక. ఆ మరక చూపించి, "ఇది ఉండగా ఇంత చెబుతారేమిటండీ" అని మూడోవంతు ధర తగ్గించాను. ఇంటికి వచ్చి నా పుస్తకంలో రాసుకున్నాను: "కుడి అంచున, గాజుపలక మీద మందు సరిగా పరుచుకోని లోపం." నా సంగ్రహంలో అదే మేలైన ప్రింటు. చూడవచ్చినవాళ్ళకి అదే చివర చూపించేదాన్ని, భోజనంలో పెరుగన్నం లాగా.

పోయిన ఆషాఢంలో ఒక టీచరు గారు వచ్చింది. ఉయ్యూరు అవతల కాలువ గట్టున వాళ్ళ ఊరు, ఆ ఊరి హైస్కూల్లోనే ఉద్యోగం. పాత తువ్వాల్లో చుట్టిన ఫ్రేము ఒళ్ళో పెట్టుకుని రెండు బస్సులు మారి వచ్చింది.

"మా ఇంటి పేరంటాలండి మేడం. వెనకంతా చెద పట్టేసింది. శ్రావణంలో మా అమ్మాయి పెళ్ళి. ఈలోగా బాగుచేయించి పెడదామని."

పేరంటాలంటే ముత్తైదువగా పోయి ఆ ఇంటికి దేవత అయిన మనిషి. ఇంట్లో పెళ్ళి తలపెడితే పెళ్ళికూతుర్ని చేయకముందే ఆమెకి చీర, రవిక, పసుపు కుంకుమ పెడతారు. ఆమె తీసుకున్నాకే మిగతావాళ్ళకి. ఆ వరస తప్పితే పెళ్ళి సజావుగా సాగదని మా వైపు ఆడవాళ్ళ నమ్మకం. చదువుకున్నవాళ్ళు కూడా ఈ ఒక్క విషయంలో ఎదురు చెప్పరు.

నేను ఫ్యాను ఆపి ఫ్రేము విప్పాను. చెద అట్టలోనే ఆగింది, ఫొటో దాకా రాలేదు. నుదుటి మీద కుంకుమ మందంగా పేరుకుని ఉంది, దాని కింద పొర లేచిపోయింది. రెండు పక్కలా కోసేశారు. ఆమె ఎడమ చెయ్యి పక్కకి చాచి ఉంది, కత్తెర సరిగ్గా మణికట్టు దగ్గర పడింది. అడ్డబాస చూశాను, వెనక రాతి గోడ చూశాను. నవ్వొచ్చింది. నా లాకు ఫొటో. అదే నెగటివు.

"ఈమె మీ ఇంటావిడని ఎవరు చెప్పారండీ?" అన్నాను.

"అత్తయ్య చెప్పారండి. అత్తయ్యకి వాళ్ళత్తగారు చెప్పారంట. ఈవిడ భర్త లాకు దగ్గర పనిచేసేవారంటండి. ఈవిడేమో గత్తర, అదే కలరా వచ్చి పోయారంట చిన్న వయసులోనే."

నేను పాఠం మొదలుపెట్టాను. పాఠం చెప్పడమంటే నాకు అలుపు లేదు. ఇది లాకుని చూపించడానికి తీసిన ఫొటో అనీ, ఇలాంటివి ఒక్కో నెగటివు నుంచి చాలా అచ్చు వేసి దొరలకి అమ్మేవాళ్ళనీ, ఇదే బొమ్మ నా సొరుగులో కూడా ఉందనీ చెప్పాను. "గోడ ఎంత ఎత్తుందో చూసేవాళ్ళకి తెలియాలి కదండీ. అందుకని పక్కన ఒక మనిషిని నిలబెట్టేవాళ్ళు. దారిన పోయేవాళ్ళని ఎవర్నో ఒకర్ని. కొలకర్ర పెట్టినట్టు."

ఆమె ఫొటో వంక చూస్తూ కూర్చుంది. "అయితే ఈవిడ మా..."

"ఎవరో తెలియదు. తెలియదని రాయడమే నిజాయితీ."

రాసిచ్చాను కూడా. నా పేరు అచ్చు వేయించిన కాగితం మీద, నా గుండ్రటి అక్షరాలతో: "తెల్లసొన ప్రింటు, అసలుది. రెండు వైపులా కత్తిరింపు, నుదుటి భాగంలో పొర నష్టం. బందరు కాలువ లాకు. కొలత కోసం నిలబెట్టిన గుర్తు తెలియని స్త్రీ." కింద వెల వేసి సంతకం పెట్టాను. చెద తిన్న అట్ట తీసేసి కొత్తది వేసి పంపించాను. సొరుగు తెరిచి నా ప్రింటు తీసి పక్కన పెట్టి చూడటానికి రెండు నిమిషాలు పట్టేది. చూడలేదు. దాన్ని కళ్ళు మూసుకుని చెప్పగలనని నా ధీమా. ఆ సాయంత్రం కాఫీ తాగుతూ, ఒక ఇంటి అపోహ తీర్చానని నన్ను నేను మెచ్చుకున్న సంగతి కూడా దాచను.

పెళ్ళి ఇంకా పన్నెండు రోజులుందనగా టీచరు గారు ఫోన్ చేసింది.

"మేడం, మీరిచ్చిన కాగితం అత్తయ్య చదివించుకున్నారండి. ఫొటో గోడ మీంచి తీయించేశారు. పేరంటాలికి చీర పెట్టనంటున్నారు. పెట్టకపోతే మా ఆడపడుచులు ఊరుకోరు, పెడదామంటే ఈవిడ ఊరుకోరు. యాభై ఏళ్ళ నుంచి ఎవరికి పెట్టాన్రా అని అదే మాటండి. అన్నం కూడా సరిగా తినట్లేదు. మీరొకసారి వచ్చి చెబితే వింటారేమో."

ఏం చెప్పాలో నాకు బాగా తెలుసనుకున్నాను. ఫొటో సంగతి వేరు, నమ్మకం సంగతి వేరు, మీ మొక్కు మీరు చెల్లించుకోండి అని రెండు మంచి మాటలు చెప్పి రావాలి. మర్నాడు పొద్దున్నే ఉయ్యూరు బస్సెక్కి, అక్కణ్ణుంచి షేర్ ఆటోలో వెళ్ళాను. నాట్లు పడుతున్నాయి, కాలువ నిండుగా ఉంది.

పెద్దావిడ వసారాలో కుర్చీలో కూర్చుని ఉంది. డెబ్భై ఎనిమిదేళ్ళు, సన్నటి మనిషి, కళ్ళు మాత్రం చురుకు. గోడ మీద ఫొటో ఉన్న చోట నలుచదరంగా సున్నం తెల్లగా మెరుస్తోంది. ఫ్రేము బల్ల మీద బోర్లించి ఉంది. నన్ను చూసి లేవబోయింది, నేను వద్దన్నాను.

"కూర్చో అమ్మా. ఎండన పడి వచ్చావు. కోడలు మజ్జిగ తెస్తుంది," అంది. తర్వాత, "నువ్వే కదూ రాసింది, కొలకర్ర అని."

"కొలత కోసమని రాశానండీ."

"రెండూ ఒకటేగా." గొంతులో కోపం లేదు. అదే నన్ను ఇబ్బంది పెట్టింది. "నేను ఈ ఇంటికొచ్చి అరవై ఏళ్ళు దాటిందమ్మా. మా అత్తగారు పోయేముందు తాళాలు కూడా నాకివ్వలా, ముందు ఈ ఫొటో ఇచ్చింది. ఆడపడుచుల పెళ్ళిళ్ళకి పెట్టాను, నా కూతుళ్ళ పెళ్ళిళ్ళకి పెట్టాను. పెద్దదాని కాన్పు కష్టమైతే ఈవిడ ముందే కూర్చున్నాను తెల్లవార్లూ. ఇప్పుడు మనవరాలికి పెట్టాలంటే చెయ్యి రావట్లా. దారిన పోయే ఆవిణ్ణి పిలిచి మా ఇంటి ఆడబిడ్డని దీవించమని ఎట్టా అడుగుతాను? పాపం, ఆవిడకి మాత్రం మేం ఏమవుతాం?"

నేను తెచ్చుకున్న రెండు మంచి మాటలు ఇక్కడ పనికిరావని తెలిసిపోయింది. అయినా పాత అలవాటు ఊరుకుంటుందా. నెమ్మదిగా, పిల్లలకి చెప్పినట్టు, ఇలా చాలా ఇళ్ళల్లో జరుగుతుందని మొదలుపెట్టాను. మనవాళ్ళ ఫొటో లేకపోతే దొరికిన ఫొటోనే మనదనుకుంటామని, ఆ తర్వాత దానికో కథ అల్లుకుంటామని. ఆమె నా మాట మధ్యలోనే చెయ్యెత్తింది.

"కథంటే గుర్తొచ్చింది. నీకు చదువుంది కాబట్టి అడుగుతున్నా. ఈ ఫొటోలో పక్కన పిల్లాడు ఉండాలమ్మా. ఏడీ?"

"ఏ పిల్లాడండీ?"

"మా మామగారి తండ్రి. ఆయన్ని నేను చూళ్ళేదు, నేను కాపురానికి రాకముందే పోయారు. మా అత్తగారు చెప్పేది. ఈవిడ కొడుకే ఆయన. మూడేళ్ళవాడంట అప్పుడు. అమ్మ చెయ్యి పట్టుకుని పక్కన నిలబెట్టిందంట. కదలొద్దంటే కదిలాడంట. అక్కడున్న దొర బంట్రోతు కసిరాడంట. తల్లిది ఆయనకి గుర్తున్నదంతా అదేనంట, ఆ చెయ్యి. ఆ ఏడాదే పోయిందిగా ఆవిడ. కొన్నాళ్ళకి దొర ఈ బొమ్మ పంపించాడంట, లాకు జవానుకి భార్య పోయిందని తెలిసి."

ప్రతి ఇంట్లోనూ ఇలాంటి కథ ఒకటి ఉంటుందని అనబోయాను. ఆమె ఆగలేదు.

"అట్టతో సహా పెట్టెలో ఉండేదంట. మా అత్తగారు కాపురానికొచ్చిన కొత్తల్లో, తన మామగారు, అంటే ఆ పిల్లాడే, సంతోషిస్తారని, ఫ్రేము కట్టించమని బెజవాడ పంపించిందంట. ఆ కట్టినవాడు, పక్కన మరక పడింది, బాగాలేదు అని అంత మేర కోసేశాడంట. ఫ్రేము ఇంటికొచ్చాక ఆయన చూసి ఏమీ అనలేదంట. రెండ్రోజులు మాత్రం అన్నం తినలేదంట. ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు. చాన్నాళ్ళకి, నేనూ ఉన్నానమ్మా అందులో, అన్నారంట ఒకే ఒక్కసారి. ఉంటే కనపడాలిగా. ఇదుగో, నువ్వే చూడు."

ఫ్రేము తిప్పి నా చేతికిచ్చింది. చూడాల్సిన పని లేదు. మరక అన్న మాట దగ్గరే నా పుస్తకంలో రాసుకున్న వాక్యం గుర్తొచ్చింది. మణికట్టు దగ్గర తెగిన ఆ చెయ్యి ఎటు చాచి ఉందో, ఆ పక్కన నా ప్రింటులో ఏముందో ఈ ప్రపంచంలో నాకొక్కదానికే తెలుసు. పదకొండేళ్ళుగా నా సొరుగులో ఉంది. ఆ మరక పేరు చెప్పి నేను ధర తగ్గించాను.

మజ్జిగ తాగి, "రేపు మళ్ళీ వస్తానండీ" అన్నాను. టీచరు గారు నా వంక అయోమయంగా చూసింది. పెద్దావిడ మాత్రం, "రా అమ్మా, భోజనానికే వచ్చెయ్," అంది.

ఇంటికి చేరేసరికి వెలుగు వాలిపోయింది. ట్యూబ్‌లైటు కింద చూడనన్న నియమం ఆ పూట నాకు నచ్చలేదు, అయినా పాటించాను. సగం వెలుగులో చూసి ఒకసారి తప్పు చెప్పింది చాలు. నిజం చెప్పాలంటే భయం కూడా వేసింది. మరక మరకే అయితే రేపు ఆమెకి ఏం చెప్పను? పిల్లాడే అయితే నాకు నేను ఏం చెప్పుకోను?

పొద్దున ఏడింటికి కిటికీ తెరిచి, ఫ్యాను ఆపి, ప్రింటు బల్ల మీద పెట్టి భూతద్దం కుడి అంచుకి తెచ్చాను. పొగలాంటి బూడిద రంగు. మందు లోపమైతే పలక అంచు నుంచి మొదలై లోపలికి పాకాలి. ఇది అంచుని తాకడం లేదు. రెండు గోధుమ గింజలంత ఖాళీ ఉంది మధ్యలో. ఆ ఖాళీ చూడని నాకు వెల కట్టే అర్హత ఎవరిచ్చారో. ఆమె చెయ్యి గోడ మీద ఆనించిందని అనుకునేదాన్ని ఇన్నేళ్ళూ. గోడ మీద కాదు. వేళ్ళు ముడుచుకుని ఉన్నాయి, దేన్నో గట్టిగా పట్టుకుని. ఆ వేళ్ళ కిందినుంచే పొగ మొదలవుతోంది.

భూతద్దం కిందికి జరిపాను. అట్ట మీది రాత పక్కన, రాతి మెట్టు మీద, పొగ అడుగున, రెండు పాదాలు. చిన్నవి, స్పష్టంగా, ఒక్కో వేలూ లెక్కపెట్టేటంతగా. ఎడమ పాదానికి కడియం ఉంది.

ఆ రోజుల్లో ఫొటోకి నాలుగైదు సెకన్లు బిగపట్టుకుని నిలబడాలి. వాడు పాదాలు కదపలేదు. కదలొద్దని అమ్మ చెప్పిందిగా. నడుము పైనుంచే అటూ ఇటూ మెలికలు తిరిగాడు. మూడేళ్ళవాడు అంతకంటే ఎలా నిలబడతాడు? నేను పొగను చూశాను, దాని కింద పాదాలను పదకొండేళ్ళలో ఒక్కసారి చూడలేదు. తా పట్టిన కుందేటికి మూడే కాళ్ళని వాదించేవాళ్ళను చూసి నవ్వుతాను కదా, నేను పట్టినదానికి అసలు కాళ్ళే లేవన్నాను. బల్ల దగ్గర కూర్చుని ఏడ్చాను. ప్రింటు మీద పడకుండా కుర్చీ వెనక్కి జరుపుకుని మరీ ఏడ్చాను.

తర్వాత ముక్కు తుడుచుకుని పనిలో పడ్డాను. లోపల మౌంటు వేసి, కాగితానికి తగలకుండా ఎడం ఉంచి అద్దం బిగించాను. ఏ అంచూ కోయలేదని వేరే చెప్పక్కర్లేదు. బస్సులో ఒళ్ళోనే పెట్టుకుని వెళ్ళాను, టీచరు గారు తెచ్చినట్టే.

పెద్దావిడకి భూతద్దం ఎలా పట్టుకోవాలో చూపించాను. ముందు వేళ్ళు చూపించాను, తర్వాత పొగ, తర్వాత పాదాలు. కోడలు ఆవిడ భుజం మీదుగా వంగి చూస్తోంది. పెద్దావిడ భూతద్దాన్ని వేళ్ళ దగ్గర్నుంచి పాదాల దాకా మళ్ళీ తనే జరిపింది.

"కడియం వేసుంది," అంది చివరికి. "ఇది మా ఇంట్లో ఉండేది. మా అత్తగారు మా పిల్లలకి వేసింది. ఒక్కటే ఉండేది, జత లేదు."

నాకు రుజువు అప్పటికే దొరికింది. ఆ మాటతో ఇక నేను రుజువు కోసం వెతకడం మానేశాను.

"తప్పు రాశానండీ," అన్నాను. "ఆ కాగితం ఇవ్వండి. చింపేసి కొత్తది రాస్తాను." నా ఉద్యోగ జీవితంలో ఆ రెండు మాటలూ ఎన్నిసార్లు అన్నానో చెప్పమంటే వేళ్ళు అక్కర్లేదు.

కోడలు కాగితం తెచ్చింది. పెద్దావిడ తీసుకుని, చింపనివ్వకుండా ఒళ్ళో పెట్టుకుంది.

"కొత్తది రాయి. గుర్తు తెలియని అన్న మాట తీసెయ్. ఆవిడ పేరు నేను చెబుతాను, పిల్లాడి పేరు కూడా రాయి. కొలత కోసం నిలబెట్టారన్నది మాత్రం ఉంచమ్మా."

"అదెందుకండీ?"

"ఆ లాకు ఎంతుందో మా మనిషిని చూసేగా వాళ్ళకి తెలిసేది. మంచిదేగా."

రాశాను. ఆమె రెండు పేర్లు చెప్పింది, రెండూ రాసి సంతకం పెట్టాను. వెల అన్న చోట ఖాళీగా వదిలేశాను. ఇద్దరిలో ఎవరూ అడగలేదు. తర్వాత ప్రింటు మీ దగ్గరే ఉంచుకోండి అన్నాను. ఆ మాట అనడానికి దారిపొడుగునా నన్ను నేను సిద్ధం చేసుకున్నాను. నా పెరుగన్నం అది.

ఆమె నవ్వింది. "వద్దమ్మా. ఇక్కడుంటే అద్దం ఊడదీసి బొట్టు పెట్టకుండా నేనుండలేను. నా తర్వాత ఈ కోడలూ అంతే. నీ దగ్గరైతే భద్రంగా ఉంటుంది. ఇంట్లో పెళ్ళైతే పట్టుకురా. భోజనం పెడతాం." తర్వాత కోడలి వైపు తిరిగింది. "చీర తీసుకురా. మంగళగిరిది, అంచున్నది. దాన్నే పక్కన పెట్టి ఉంచాగా."

గోడ మీద పాత ఫ్రేము మళ్ళీ ఎక్కింది. దాని కింద బల్ల మీద నేను తెచ్చిన ఫ్రేము నిలబెట్టారు. ముందు చీర, రవిక, పసుపు కుంకుమ. పెళ్ళికూతురు కాలేజీ నుంచి వచ్చి చేతులు కడుక్కుని ఒక పక్కన నిలబడింది. పెద్దావిడ కుంకుమ వేలికి అద్దుకుని నా వైపు చూసింది, అడుగుతున్నట్టు.

"అద్దం మీదేగా, పెట్టండి," అన్నాను.

తల్లి నుదుట అద్దం మీద పెట్టింది, గుండ్రంగా, చెయ్యి తిరిగిన బొట్టు. మళ్ళీ వేలు అద్దుకుని కుడి అంచుకి తెచ్చింది. అక్కడ ఆగిపోయింది. పొగలో నుదురు ఎక్కడుందో తెలియడం లేదు. వేలు కాస్త పైకి, కాస్త పక్కకి వెతికింది. ఎటు చూసినా వాడు అక్కడా ఉన్నాడు, ఇక్కడా ఉన్నాడు. చివరికి వేలు కిందికి దించి, కడియం ఉన్న పాదం దగ్గర చిన్న చుక్క పెట్టింది.

కుంకుమ తెస్తే నా బల్ల దగ్గరికి ఎవర్నీ రానివ్వను. ఆ ఫ్రేము మాత్రం ఆమె వేలు తీసేదాకా, కదలకుండా, రెండు చేతులతో పట్టుకున్నాను.